అందరూ అని రాసిన మీట

నేను బెంగళూరులో చేసిన మొదటి పని ఇది. పాఠాలు, పరీక్షలు, మార్కులు కంప్యూటర్లో పెట్టుకునే ఒక ఈ-లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఉండేది. ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. అందులో లేనిది ప్రత్యక్షంగా నడిచే తరగతి. టీచరు ఒక ఊళ్ళో, పిల్లలు వేరే ఊళ్ళలో కూర్చుని అప్పటికప్పుడు మాట్లాడుకునే ఏర్పాటు దానికి లేదు. దాన్ని మేం చేర్చాలి. మేం అంటే నేను, నా రూమ్మేట్, మా ఇద్దరికీ జీతాలిచ్చే కంపెనీ యజమాని. యజమాని కొత్త పని వెతుక్కుంటూ ఎప్పుడూ బయటే ఉండేవాడు కాబట్టి నిజానికి ఇద్దరమే.

చేర్చాల్సినవి మొదటిరోజే రాసుకున్నాను. టీచరు గీసింది అన్నిచోట్లా కనిపించే బోర్డు. మాట. చెయ్యెత్తడానికి ఒక మీట. ఏ సెంటరు లైన్లో ఉందో చూపించే పచ్చ చుక్క. కాగితం మీద చూస్తే భయపడాల్సినంత సంగతి కాదు. అయినా ఆ ఏడాదంతా నాకు భయంలోనే గడిచింది. రాసిపెట్టిన పాఠంలో తప్పుంటే రేపు దిద్దొచ్చు, ఈలోపు ఎవరూ చూడకపోవచ్చు కూడా. ప్రత్యక్షంగా నడిచేదానికి రేపు అనేది లేదు. అది ఆగిపోతే అవతల మనుషులు బెంచీల మీద కూర్చుని, కదలని తెర వైపు చూస్తూ ఉంటారు.

ఆ మనుషులెవరో తెలిశాక భయం ఇంకా పెరిగింది. వాళ్ళు హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు అమ్మాయిలు. చాలామంది హోసూరు రోడ్డు మీది గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసేవాళ్ళు. అందరూ పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పినవాళ్ళు. మళ్ళీ ప్రైవేటుగా కట్టి, ఊరికి పోయి రాసి రావాలి. బెంగళూరు చామరాజపేటలో ఉన్న ఒక ట్రస్టు వాళ్ళకోసం ఆదివారం పొద్దున లెక్కలు చెప్పించేది. హోసూరు రోడ్డు మీదే హెబ్బగోడి, అత్తిబెలెలో రెండు సెంటర్లు, ఆంధ్ర వైపు ఆ ఊళ్ళలో మూడు.

చెప్పేది ఒకే టీచరు. బళేపేటలో పుట్టి పెరిగిన తెలుగావిడ. కింద వాళ్ళ వాళ్ళదే గాజుల కొట్టు, పైన ఇల్లు. తెలుగు మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, ఒక్కో ఆదివారం ఒక్కో ఊరికి బస్సులో పోయి ఈ అమ్మాయిలకు చెప్పేది. ఆ బస్సులకే నడుములో డిస్కు జారింది. ఇక బస్సు ఎక్కొద్దని డాక్టరు చెప్పేశాడు. ట్రస్టు ముందు రెండు దారులు మిగిలాయి. ఆమె బెంగళూరులోనే కూర్చుని మా సాఫ్ట్‌వేర్ మీద అన్ని సెంటర్లకూ ఒకేసారి చెప్పడం, లేదా ఎవరో రికార్డు చేసిన సీడీలు కొని సెంటర్లకు పంచడం. సీడీలైతే ఆమె అక్కర్లేదు.

నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కాఫీ గ్లాసు చేతికిస్తూ ఆ సంగతి ఆమే చెప్పింది. "చూడప్పా, మీ కంప్యూటర్ నడిస్తే నాకు క్లాసు ఉండాది. నడవకపోతే లేదు. మీ ఓనరు ఏమేమో ఇంగ్లీషులో చెప్పినాడు గానీ, నాకు అర్థమైంది ఇంతే."

"ఇంతే మేడమ్," అన్నాను. కాఫీ సగం తాగి పెట్టేశాను.

ఆఫీసు గోడ మీది బోర్డు నిండా, చెడిపోవడానికి వీలున్నవన్నీ రాసిపెట్టుకున్నాను. కరెంటు, యూపీఎస్, టెలిఫోన్ లైను, మోడెమ్, సర్వర్, మైకు, స్పీకరు, మౌసు. ప్రతిదానికీ ఎదురుగా, అది పోతే ఏం చేయాలో రాశాను. నా రూమ్మేట్‌ది కరీంనగర్. సర్వర్ పని వాడిది. టీ తాగుతూ ఆ బోర్డు ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివాడు.

"భూకంపం రాయలేదేందిరా?"

"బెంగళూరులో రాదు."

"మరి నువ్వు? నడిమిట్ల నువ్వే ఆగిపోతే?" అని అన్నిటికన్నా కింద 'వీడు' అని రాసి, ఎదురుగా 'నీళ్ళు చల్లవలె' అని పెట్టాడు. నేను చెరపలేదు. అది కూడా జరగడానికి వీలున్నదే అనిపించింది. అయితే మొదటి ట్రయల్‌లో మమ్మల్ని ముంచింది ఆ బోర్డు మీద ఎక్కడా లేదు.

మాట విషయంలో మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ఊళ్ళలో ఫోన్ లైన్లు సన్నవి. ఒకసారికి ఒక్క గొంతుకే చోటుంది. కాబట్టి ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళ మైకులు మూసి ఉంటాయి. ఏదైనా సెంటరు మాట్లాడాలంటే చెయ్యి మీట నొక్కాలి. సర్వర్ వాళ్ళను వరసలో పెట్టి, ఒకరి తర్వాత ఒకరికి మైకు ఇస్తుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ల గురించి మేం చదివినవన్నీ ఇలాగే చేయమన్నాయి. ఆ కాగితాల్లో బొమ్మలు కూడా ఉండేవి. ఒక పిల్లాడు చెయ్యెత్తుతాడు, టీచరు వాడిని పిలుస్తుంది. ఆఫీసులో మేమిద్దరం అలాగే పరీక్షించుకున్నాం. నేను నొక్కి హలో అనేవాణ్ణి, వాడు నొక్కి హలో అనేవాడు. అద్భుతంగా పనిచేసింది.

ట్రయల్ రోజు ట్రస్టు ఆఫీసులో టీచరు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో ఇంకో హెడ్‌ఫోన్‌తో నేను. వెనక ట్రస్టు సెక్రటరీ. ఆయన చెడ్డవాడు కాదు. పని జరగాలి, మాటలు అక్కర్లేదు అనే రకం. తెర మీద అయిదు పచ్చ చుక్కలూ వెలిగాయి. టీచరు బోర్డు మీద ఒక లెక్క గీసి, నెమ్మదిగా విడమరిచి చెప్పి, చివర్న అంది. "అర్థమైందా?"

అయిదు సెంటర్లలోనూ మీట ఒకేసారి నొక్కారు. సర్వర్ అందరినీ వరసలో నిలబెట్టింది. మొదటి మైకు హిందూపురానికి వచ్చింది. "అర్థమైంది టీచర్!" అని ముక్తకంఠంతో వినిపించింది. టీచరు ముఖం విప్పారింది. "సరే, అయితే ఏడెనిమిదులు ఎంత?" అని అడిగింది. కానీ ఆమె మైకు మూసుకుపోయి ఉంది. వరసలో తర్వాతిది కుప్పం.

"అర్థమైంది టీచర్."

ఆమె నావైపు తిరిగింది. "ఏడెనిమిదులు ఎంతంటే అర్థమైందంటారేమప్పా?"

"ఒక్క నిమిషం మేడమ్."

"అర్థమైంది టీచర్," అంది మదనపల్లె.

వెనక సెక్రటరీ నవ్వాడు. హెబ్బగోడి, అత్తిబెలె కూడా తమ వంతు వచ్చినప్పుడు అర్థమైందన్నాయి. మైకు తిరిగి చేతికి రాగానే ఆమె చేసిన పని, "అందరికీ వినపడతా ఉందా?" అని అడగడం. మళ్ళీ అయిదు మీటలు. మళ్ళీ వరస. ఆ తర్వాత ఆ గంటలో ప్రతి ప్రశ్నకూ దాని ముందు ప్రశ్న జవాబు వచ్చింది. ఏడెనిమిదులు మళ్ళీ అడిగినా, యాభై ఆరు అని కుప్పం చెప్పేసరికి ఆమె వేరే లెక్కలో ఉంది. సెక్రటరీ నవ్వడం ఎప్పుడో మానేశాడు. నాకు మాత్రమే తెలుసు, ఏదీ చెడిపోలేదు. ప్రతి భాగమూ మేం చెప్పినట్టే పనిచేస్తోంది. చెడిపోయిందాన్ని బాగుచేయొచ్చు. చెడిపోకుండానే తప్పుగా ఉన్నదాన్ని ఏం చేయాలి?

టీచరు హెడ్‌ఫోన్ తీసి, దాని వైరు పొందిగ్గా చుట్టి బల్ల మీద పెట్టింది.

సెక్రటరీ నన్ను వరండాలోకి పిలిచాడు. "వచ్చే నెల ట్రస్టీలు కూర్చుంటున్నారు. వాళ్ళ ముందు ఒకసారి నడిపి చూపించండి. అప్పటికీ ఇట్లాగే ఉంటే సీడీలు తెప్పిస్తాను. మేడమ్‌కు నేను చెప్పుకుంటాను, మీరు మొహమాటపడొద్దు."

ఆ సాయంత్రం మా గదికి పోయే హెబ్బగోడి బస్సులో రూమ్మేట్ నా పక్కన కూర్చున్నాడు. బొమ్మనహళ్ళి దాటాక అన్నాడు.

"బడిల మనం పదేండ్లు గట్లనే ఒర్లినం గదరా, అర్థమైంది సార్, అర్థమైంది సార్ అని. ఎట్ల మర్చిపోయినం?"

మనిషికి తాను పదేళ్ళు చేసిన పని గుర్తుండదా? ఎవరో గీసిన బొమ్మలో చెయ్యెత్తిన పిల్లాడు మాత్రం గుర్తున్నాడు. వాడిలాంటి పిల్లాడు మా బళ్ళో ఒక్కడూ లేడు.

మొదట తేలిక దారి ప్రయత్నించాం. సాఫ్ట్‌వేర్ మార్చేకంటే టీచరు అలవాటు మార్చడం సులువని నా లెక్క. అందర్నీ కలిపి అడగకుండా ఊరి పేరు పెట్టి పిలవాలి. హిందూపురం, మీరు చెప్పండి. కుప్పం, మీరు చెప్పండి. బళేపేటలో వాళ్ళింటి ముందుగదిలో సాధన చేయించాను. అయిదు సెంటర్లూ నేనే. కింద కొట్లో గాజుల మలారాల కట్టలు దించుతున్న చప్పుడు, పైన మా పాఠం.

ఆమె ఒక లెక్క చెప్పింది. "హిందూపురం, చెప్పండమ్మా." నేను చెప్పాను. ఇంకో లెక్క. "మదనపల్లె, చెప్పండమ్మా." చెప్పాను. మూడో లెక్క కాస్త పెద్దది. ఆమె అందులో మునిగిపోయింది, నేనూ మునిగిపోయాను. చివరి మెట్టు దాటి ఊపిరి తీసుకుని, "అర్థమైందా?" అంది.

"అర్థమైంది టీచర్," అన్నాను నేను, గట్టిగా, వెన్ను నిటారుగా పెట్టి.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఆమె నవ్వింది.

"నీకే పోలే, నాకెట్లా పోతాదప్పా?" అంది. కాసేపటికి నవ్వు తగ్గి, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ మాట లేకపోతే ఊపిరి యాడ తీసుకోవాల్నో తెలీదు నాకు. వాళ్ళు చెప్పేది నిజమని కాదు. సగం మందికి అర్థం కాకపోయినా అర్థమైందనే అంటారు. అది నాకూ తెలుసు. కానీ ఆ సద్దు వస్తే ఎదురుగా మనుషులు ఉండారని తెలుస్తాది. అది లేకపోతే గోడకు చెప్తా ఉన్నట్లే కదా."

మెట్లు దిగుతూనే తేల్చుకున్నాను. అలవాటు మారదు. కాబట్టి సాఫ్ట్‌వేరే మారాలి. దానికి నెల కూడా లేదు.

ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళూ రాసేవాళ్ళూ ప్రపంచమంతా ఉంటారు, వాళ్ళు ఒకరినొకరు సందేహాలు అడుక్కునే చోటు ఇంటర్నెట్లో ఒకటి ఉంటుంది. అక్కడ అడిగాను. అందరూ ఒకేసారి మాట్లాడే ఏర్పాటు ఎవరైనా చేశారా అని. ఎవరో మర్యాదగా జవాబిచ్చారు. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరేమంటున్నారో టీచరుకు ఎలా తెలుస్తుంది, దానివల్ల ప్రయోజనమేమిటి అని. ప్రశ్న సరైందే. ఎవరేమంటున్నారో తెలియనక్కర్లేదు, అంటున్నారని తెలిస్తే చాలు అని రాయడానికి ఇంగ్లీషులో రెండు మూడు సార్లు ప్రయత్నించాను. చదువుకుంటే పిచ్చివాడు రాసినట్టుంది. చెరిపేసి పని మొదలుపెట్టాను.

టీచరు తెర మీద కొత్త మీట పెట్టాం. దాని మీద 'అందరూ' అని తెలుగులో రాశాం. ఆమె దాన్ని నొక్కి పట్టుకున్నంతసేపు అయిదు సెంటర్ల మైకులూ తెరుచుకుంటాయి. సర్వర్ ఆ గొంతులన్నిటినీ కలిపి ఒకే శబ్దంగా టీచరుకు పంపుతుంది. మొదటిసారి నడిపినప్పుడు స్పీకరులోంచి వచ్చిన మాట మళ్ళీ మైకులోకి దూరి, అది మళ్ళీ స్పీకరులోకి వచ్చి, చెవులు పగిలేట్టు కీచుమంది. కింది అంతస్తు నుంచి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. అందుకని మీట నొక్కినంతసేపు సెంటర్ల స్పీకర్లు మూగబోయేట్టు చేశాం. అంటే అప్పుడు టీచరు వింటుంది, కానీ ఆమె మాట ఎవరికీ పోదు.

పని చేసింది. రూమ్మేట్ నా వీపు మీద చరిచాడు. నాకు మాత్రం ఇంకో కొత్త భయం మొదలైంది.

అత్తిబెలెతో సరిచూసుకుంటున్న రోజు ఒకటి జరిగింది. మీట నొక్కితే అక్కడినుంచి ఏమీ రాలేదు. పచ్చ చుక్క మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. అరగంట కోడంతా వెతికి, బస్సెక్కి అత్తిబెలె పోయి చూస్తే మైకు వైరు ఊడి కింద పడి ఉంది. గది ఊడ్చినప్పుడు లాగినట్టున్నారు. పెట్టి, టేపు చుట్టి వచ్చాను. తిరుగు బస్సులో అర్థమైంది, ఆ పచ్చ చుక్క చెప్పేది కంప్యూటరు ఉందని. మనుషులున్నారని కాదు. చుక్క వెలుగుతూ, శబ్దం రాకపోతే దానికి రెండు అర్థాలు. లైనో మైకో పోయిందన్నది ఒకటి. అందరూ ఉండీ ఎవరూ మాట్లాడట్లేదన్నది రెండోది. రెంటికీ మధ్య తేడా మా తెర మీద ఎక్కడా కనిపించదు. దాన్ని చూపించే ఉపాయమేదీ నాకు తట్టలేదు. ఫోన్ చేద్దామా అంటే, మొబైల్ మోగినప్పుడల్లా స్పీకర్లు టకటకమంటున్నాయని క్లాసులో మొబైళ్ళు ఆపేయించింది నేనే. తెర మీద రాసి అడుగుదామా అంటే, వెనక బెంచీ వాళ్ళకు కనపడాలని బోర్డును తెర నిండా పరిచి, రాతల పెట్టెను దాని వెనక దాచిందీ నేనే.

ట్రస్టీల ముందు చూపించే ఆదివారం వచ్చేసరికి నాకు తిండి సరిగా పోవడం లేదు. ఎవరైనా కాసేపు మాట్లాడకుండా ఉంటే చాలు, వైరు ఊడిందా అన్నట్టు వాళ్ళ ముఖంలోకి చూసేవాణ్ణి. దర్శిని హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుంటే రూమ్మేట్ అన్నాడు. "తినురా. నువ్వు పడిపోతే నీళ్ళు చల్లనీకె నేను ఆడ ఉండ, సర్వర్ కాడ ఉంట."

సెక్రటరీ, ఇద్దరు ట్రస్టీలు వెనక కూర్చున్నారు. ట్రస్టీలిద్దరూ పెద్దవాళ్ళు, ఒకాయన చేతిలో వాకింగ్ స్టిక్. టీచరు ఇస్త్రీ చేసిన నూలుచీర కట్టుకుని, నడుముకు బెల్టు పెట్టుకుని వచ్చింది. కుర్చీలో నెమ్మదిగా, రెండు చేతులూ ఆనించి కూర్చుంది. అయిదు పచ్చ చుక్కలు.

ఆ రోజు పాఠం వర్గ సమీకరణాలు. ఎక్స్ స్క్వేర్ మైనస్ అయిదు ఎక్స్ ప్లస్ ఆరు. గుణిస్తే ఆరు, కలిపితే అయిదు వచ్చే సంఖ్యలు ఏవి? "చెప్పండి," అని మీట నొక్కింది. ముందు హెబ్బగోడి, ఒక క్షణం తేడాతో హిందూపురం, వాటి వెనకే మిగతా ఊళ్ళు. లైన్ల తేడా వల్ల జవాబు ఒకేసారి కాకుండా, వర్షం ఒక వీధి నుంచి ఇంకో వీధికి వచ్చినట్టు వచ్చింది. రెండు, మూడు. రెండు, మూడు. ఆమె ఆ చివరి గొంతు కూడా వచ్చేదాకా ఆగి నవ్వింది. ట్రస్టీలు ముందుకు వంగారు. నేను మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలాను.

ఆ తర్వాత ఆమె బ్రాకెట్లు రాసింది. ఎక్స్ మైనస్ రెండు, ఎక్స్ మైనస్ మూడు. వాటి కింద జవాబులు. ఎక్స్ అంటే రెండు, లేదా మూడు. "అర్థమైందా?" అని మీట నొక్కి పట్టుకుంది.

హెబ్బగోడి. హిందూపురం. కుప్పం. మదనపల్లె.

తర్వాత ఏమీ రాలేదు. నేను అత్తిబెలె చుక్క వైపు చూశాను. పచ్చగా ఉంది. ముందు ప్రశ్నకు ఆ సెంటరు జవాబు చెప్పిందా? నాలుగు వినిపించాయా, అయిదా? గుర్తు చేసుకోబోతే ఏమీ గుర్తు రాలేదు. టేపు ఊడిందనుకున్నాను.

టీచరు మీట వదిలి, అదే మెట్టు ఇంకోలా చెప్పింది. తక్కువ మాటల్లో, బోర్డు మీద బాణం గుర్తులు గీసి. మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కి పట్టుకుంది. నాలుగు సెంటర్లు, ఈసారి కాస్త నీరసంగా. అయిదోది లేదు. వెనక కర్ర నేలకు తగిలిన చప్పుడు. ఎవరో గడియారం చూసుకున్నారని, తిరక్కుండానే నాకు తెలిసింది.

లైన్లన్నీ తెంపి మళ్ళీ కలపడానికి ఒక ఏర్పాటు ఉంది. దానివల్ల అన్ని సెంటర్లూ బయటికి పోయి, ఒక్కొక్కటే తిరిగి రావాలి. కొన్ని నిమిషాలు పడుతుంది. కొన్ని రాకపోవచ్చు కూడా. నా చెయ్యి మౌసు మీదికి పోయింది.

"ఉండప్పా," అందామె, మీట మీది వేలు తీయకుండా.

"లైను పోయినట్టుంది మేడమ్."

"పోయిందని నీకు తెలుసా?"

"తెలీదు. మీకు తెలుసా, పోలేదని?"

"నాకూ తెలీదు." గొంతు తగ్గించింది. "పోయిందనుకొని నువ్వు తెంపితివనుకో, వాళ్ళు ఆడనే ఉంటే? ఉండేవాళ్ళను వదిలేసినట్లు కాదా?"

ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. ఆమెకూ భయమేనని అప్పుడు చూశాను. ఇది చెడితే నాకంటే ఆమెకే ఎక్కువ పోతుంది. అయినా ఆ వేలు కదల్లేదు. నాలుగు సెంటర్లు మూగగా ఎదురుచూస్తున్నాయి, వెనక ముగ్గురు ఎదురుచూస్తున్నారు, హెడ్‌ఫోన్‌లో ఫ్యాను తిరుగుతున్నట్టు సన్నని రొద. అది ఏ ఊరి ఫ్యానో చెప్పే మార్గం లేదు.

అప్పుడు ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. దూరంగా, మామూలుగా మాట్లాడుకునే గొంతు.

"బ్రాకెట్లో మైనస్ రెండు ఉండాది. కింద ఉత్త రెండు రాసిరి. ఆ మైనస్సు యాడికి పోయిందే?"

టీచరు మీట వదిలింది. "అత్తిబెలె," అంది. "యాడికీ పోలేదమ్మా. చూడు. ఎక్స్ చోట రెండు పెట్టు. రెండులో రెండు తీసేస్తే ఎంత? సున్నా. మనకు కావాల్సింది సున్నా. మైనస్ రెండు పెడితే మైనస్ నాలుగు అయితాది, సున్నా కాదు. ఆ మైనస్సు తన పని తాను చేసింది, అంతే." ఇంకో ఉదాహరణ ఇచ్చి, మళ్ళీ అడిగింది. ఈసారి అయిదూ వచ్చాయి. ఆఖరిది పలచగా, మూడు నాలుగు గొంతులు, అత్తిబెలె.

క్లాసు అయ్యాక ట్రస్టీలు కన్నడంలో కాసేపు మాట్లాడుకున్నారు. సెక్రటరీ టీచరు దగ్గరికొచ్చి, "ఆదివారాలు ఇట్లాగే కానివ్వండి మేడమ్. సీడీల వాళ్ళకు వద్దని చెప్తాను," అన్నాడు. తర్వాత నాతో, "మధ్యలో కాసేపు స్ట్రక్ అయింది చూడు, అది మాత్రం బాగుచేసేయ్," అన్నాడు.

టీచరు మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ, వచ్చే వారం ఏ పాఠం చెప్పాలో ఆలోచించుకుంటోంది. ఆమె క్లాసు ఆమెకు మిగిలింది. నేను ఆమెను ఆటో ఎక్కించి, మార్కెట్ దగ్గర అత్తిబెలె బస్సెక్కాను. వైరు చూడనిదే నాకు నిద్ర పట్టదు.

వైరు బాగానే ఉంది. టేపు చెక్కుచెదరలేదు. సెంటరు చూసుకునే ఆవిడ తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరమ్మాయిలు ఇంకా బెంచీ మీద కూర్చుని లెక్కలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటున్నారు. నేనెవరో ఆవిడ చెప్పింది. వాళ్ళలో పొడుగ్గా ఉన్న అమ్మాయి లేచి, "నమస్తే సార్," అంది. గొంతు వినగానే గుర్తుపట్టాను.

"మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది," అన్నాను.

ఆమె పక్కనున్న స్నేహితురాలి వైపు చూసింది. స్నేహితురాలు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అయ్యో, నేను టీచర్‌ని అడగలే సార్. దీన్ని అడిగితి."

"మరి ముందు ఎందుకు ఎవరూ పలకలేదు?"

"ఈ పొద్దు ఫ్యాక్టరీలో అందరికీ ఎక్కువ పని, ఓటీ వేసిరి సార్. నలుగురమే వస్తిమి. ఎప్పుడూ ఒకామె మొదలుపెడితాది, మేమంతా ఆమె ఎనకాల అంటాం. ఆమెకూ ఓటీ పడె. ఎవురు మొదలుపెట్టాల్నో తెలీక ఊరుకుంటిమి. ఉన్నట్టుండి టీచర్ మాట ఆగిపాయ. శానాసేపు ఏం సద్దు లేదు. లైను పోయిందనుకొంటిమి. అందుకే మాట్లాడితి. టీచర్ వింటా ఉండాదని తెలిసుంటే నోరు తెరిచేదాన్నే కాదు."

నేను బెంచీ చివర కూర్చున్నాను. ఆ మౌనంలో నేను అక్కడ ఎంత భయపడ్డానో, ఇక్కడ వీళ్ళూ అంతే భయపడ్డారు. తెరకు ఈ పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో, అన్ని నెలల్లో ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు. వైరు పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి.

"మేం మాట్లాడుకునేదంతా టీచర్‌కు వినపడతాదా సార్?" అని అడిగింది.

"అంతా కాదు. ఆమె ఒక మీట నొక్కినప్పుడు మాత్రమే."

"అది నొక్కినారని మాకెట్లా తెలుస్తాది?"

తెలియదు. వాళ్ళ తెర మీద దానికి ఏ గుర్తూ లేదు. నేను పెట్టలేదు. పెట్టాలన్న ఆలోచనే రాలేదు. పెడితే ఇక ఎవరూ అలా నోరు జారరు. ఈ రోజు క్లాసును నిలబెట్టిన ఆ ప్రశ్న మళ్ళీ రాకపోవచ్చు. పెట్టకపోతే, ఎవరో వింటున్నారో లేదో తెలియకుండా వీళ్ళు ప్రతి ఆదివారం ఈ బెంచీల మీద కూర్చోవాలి.

"తెలిసేట్టు చేస్తాను," అన్నాను.

"చేయండి సార్. తెలీకపోతే భయంగా ఉంటాది," అంది.

ఆ వారమే అన్ని సెంటర్ల తెరల మీదా ఒక ఎర్ర దీపం గుర్తు చేర్చాను. టీచరు వింటున్నప్పుడు అది వెలుగుతుంది, కింద 'టీచర్ వింటున్నారు' అని ఉంటుంది. చిన్న పని, ఒక పూటలో అయిపోయింది. ఎందుకో చెబితే టీచరు కాసేపు ఆలోచించి, "పెట్టు, పెట్టాల్సిందే," అంది. ఆదివారం ఆమె లెక్క ముగించి, ఊపిరి తీసుకుని, అడిగి, మీట నొక్కి పట్టుకుంది. అత్తిబెలెలో ఆ గుర్తు వెలిగి ఉంటుంది. ఆ అమ్మాయి దాన్ని చూస్తూ ఉంటుంది. నేను రెండు చేతులతో హెడ్‌ఫోన్ చెవులకు నొక్కి పట్టుకుని, నాలుగు ఊళ్ళ గొంతులు అయిపోయేదాకా ఆగి, అయిదోదాని కోసం వింటూ కూర్చున్నాను.